ఒకే స్లైడు, రెండు అక్షరాలు

రిటైరైనవాళ్ళు రాసుకునే జ్ఞాపకాలు నేను చాలానే చదివాను. వాటిలో అందరూ మంచివాళ్ళే ఉంటారు. పై అధికారి తండ్రిలాంటివాడు, తోటి ఉద్యోగులు సొంత తోబుట్టువులు, ఇక రాసే మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. నాకు అలా రాయడం చేతకాదు. నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు నేను ఒక మనిషిని చూసి కుళ్ళుకుంటూ గడిపాను. పొద్దున ఉప్పల్‌లో ఆటో ఎక్కేటప్పుడు కుళ్ళుకున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూ కుళ్ళుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పి మళ్ళీ కుళ్ళుకున్నాను. లాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవాలేమైనా రాసివ్వండి మేడమ్ అంటుంటారు. నా అనుభవాల్లో బాగా గుర్తున్నది ఇదే కాబట్టి ఇదే రాస్తున్నాను. నీతి ఏదైనా ఉంటే మీరే ఏరుకోండి.

మా లాబ్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండేది. టీకాలు తయారుచేసే కంపెనీలు తమ సరుకు పనిచేస్తుందో లేదో తేల్చమని మాకు పంపేవి. టైఫాయిడ్ జాతి బాక్టీరియా ఒంట్లోకి వెళ్ళాక ఊరికే తిరగదు, కణాల్లోకి దూరి అక్కడ కాపురం పెడుతుంది. టీకా వేసిన జంతువు రక్తంలోంచి తీసిన సీరం కలిపితే ఆ దూరడం తగ్గుతుందా, తగ్గితే ఎంత తగ్గుతుంది, ఇదీ మేం చెప్పాల్సింది. సన్నటి గాజుపలక మీద కణాలు పెంచి, వాటి మీదికి బాక్టీరియాని వదిలి, కాసేపయ్యాక బయట మిగిలిపోయినవాటిని మందుతో చంపి కడిగేసేవాళ్ళం. తర్వాత రంగు వేసి, స్లైడుగా చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కో కణంలో ఎన్ని దూరాయో లెక్కపెట్టేవాళ్ళం. చేతిలో బొటనవేలితో నొక్కే చిన్న కౌంటర్ ఉండేది. ఒక్కో బాక్టీరియాకి ఒక్కో నొక్కు. మంచిరోజుల్లో నా బొటనవేలు నిద్రలో కూడా నొక్కేదని మా ఆయన అనేవారు.

ఈ పనిలో నాకు పేరుండేది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఉండేది. కణం లోపల ఉన్నదేదో, పైన అంటుకుని ఉన్నదేదో, అసలు బాక్టీరియా కాక రంగు మరకేదో నేను చూడగానే చెప్పేదాన్ని. లాబ్‌లో ఎవరికి అనుమానం వచ్చినా స్లైడు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఒక కన్ను ఆనించి, "లోపలిదే, రాసుకో" అనేదాన్ని. వాళ్ళు రాసుకునేవాళ్ళు. అంతే, పై కోర్టు లేదు. డిగ్రీ మాత్రమే చదివినదాన్ని, డాక్టరేట్లు ఉన్నవాళ్ళు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడుతుంటే నాకెలా ఉండేదో మీరు ఊహించుకోండి.

నా పక్క మైక్రోస్కోపు అతనిది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. ఘట్‌కేసర్‌లో ఇల్లు, పెరట్లో కాసిన జామకాయలు తెచ్చి లాబ్‌లో పంచేవాడు. నేను రామంతాపూర్ నుంచి, అతను అటు నుంచి, ఇద్దరం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కలిసేవాళ్ళం. ఎవరు ముందొస్తే వాళ్ళు నాచారం షేర్ ఆటోలో రెండో వాళ్ళకి సీటు పట్టి ఉంచాలని మాలో మాకు ఒప్పందం. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. మా కోస్తా యాస విని నవ్వేవాడు, అతని మాట విని నేను నవ్వేదాన్ని. మనిషి నెమ్మది, పని కూడా నెమ్మది. అతను చదివిన స్లైడ్లలో అనుమానం ఉన్నవి కూడా చివరికి నా దగ్గరికే వచ్చేవి. అతనే తెచ్చేవాడు. నవ్వుతూ తెచ్చేవాడు కాబట్టి అతనికి ఏమీ అనిపించదనే నేను అనుకునేదాన్ని.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. లెక్కపెట్టే మనిషికి ఏ స్లైడులో సీరం కలిపారో, ఏ స్లైడులో కలపలేదో తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకి కావాల్సిందే చూస్తుంది. అందుకని స్లైడు మీదున్న పేరు కనపడకుండా కాగితపు టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో ఒక అక్షరం రాస్తారు. ఆ టేపు వేసి పెట్టెలో వరసగా పేర్చే మనిషి వేరుగా ఉండాలి. నా స్లైడ్లకి అతను వేసేవాడు, అతని స్లైడ్లకి నేను వేసేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు త్వరగా అయిపోతాయని మేం తెలుగు అక్షరాలు వాడేవాళ్ళం. అంతా అయ్యాక పెద్ద మేడమ్ ముందు కూర్చుని, ఎవరు లెక్కపెట్టారో వాళ్ళే టేపులు ఊడదీయాలి. పెద్ద మేడమ్ అంటే మా లాబ్ హెడ్. ఇన్నేళ్ళూ మేమిద్దరం ఒకరి కళ్ళకి ఒకరం గంతలు కట్టుకుంటూ బతికాం. ఆ పనిలో ఏ ఒక్కరోజూ మోసం జరగలేదు.

అలాంటి రోజుల్లో మెషీన్ వచ్చింది. మెషీన్ అంటే కెమెరా బిగించిన మైక్రోస్కోపు, దాని పక్కన ఒక కంప్యూటర్, అందులో బొమ్మల్ని చదివే ప్రోగ్రాం. దీనికి మామూలు రంగు పనికిరాదు, చీకట్లో వెలిగే రంగు కావాలి. బాక్టీరియా ఆకుపచ్చగా వెలుగుతుంది, కణం ఎర్రగా వెలుగుతుంది. ప్రోగ్రాం ముందు కణం అంచు గీసుకుంటుంది, తర్వాత లోపలున్న పచ్చ చుక్కలు లెక్కపెడుతుంది. ఎంత వెలుగుంటే చుక్క, ఎంతకి తక్కువైతే చుక్క కాదు అన్నది మనం ముందే చెప్పిపెట్టాలి. నేను ఒక స్లైడు చదివే లోపు అది ఒక పెట్టె స్లైడ్లు చదివేస్తుంది. టీ తాగదు, తలనొప్పి అనదు, మోకాళ్ళు పట్టేశాయని లేచి తిరగదు.

అసలు విషయం దాచకుండా చెప్తాను. పెద్ద మేడమ్ దాన్ని ముందు నాకే ఇస్తానన్నారు. అందరికంటే బాగా చూడగలిగేది మీరు, మీరు నేర్చుకుంటే బాగుంటుంది అన్నారు. నేను ముఖం చిట్లించాను. కన్నున్నవాళ్ళకి కెమెరా ఎందుకండీ అన్నాను. ఆ మాట అన్నందుకు లాబ్ అంతా నవ్వింది, నాకు ఆ నవ్వు బాగా నచ్చింది. అతను నవ్వలేదు. చేయెత్తి, "నేను నేర్సుకుంట మేడమ్" అన్నాడు.

తను వద్దన్నదాన్ని ఇంకొకరు తీసుకుంటే మనిషికి ఏమీ అనిపించకూడదు కదా. నాకు మొదటి రోజు నుంచే అనిపించింది. వాడికి బెంగళూరులో ట్రైనింగ్ ఇప్పించారు. కోపంలో వాడు అని రాసేశాను, ఉండనివ్వండి. తిరిగొచ్చేసరికి అతని కోసం ఒక గది సిద్ధమైంది. ఏసీ, నల్లటి కర్టెన్లు, చక్రాల కుర్చీ. గది బయట చెప్పులు విడవాలని ఒక కాగితం. ఇన్నేళ్ళూ నేను కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టిది, దాని కింద అట్టముక్క పెట్టుకుని సర్దుకునేదాన్ని. ఆ అట్టముక్క మార్చమని అడిగితే స్టోర్స్ వాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు. అతని గదికి మాత్రం రూమ్ ఫ్రెష్‌నర్ కూడా వచ్చింది.

పిల్లలంతా అటు వెళ్ళిపోయారు. నా కుర్చీ పక్కన నిలబడేవాళ్ళు ఇప్పుడు అతని గది ముందు చెప్పులు విడిచి లోపలికి పోయేవాళ్ళు. బయటికొచ్చేటప్పుడు కళ్ళు మెరుస్తుండేవి. ఎవరు లాబ్ చూడటానికి వచ్చినా పెద్ద మేడమ్ తిన్నగా అక్కడికే తీసుకెళ్ళేవారు. ఎర్రటి కణాల్లో పచ్చగా మెరిసే బాక్టీరియా, చూడటానికి పెళ్ళిమండపం లైట్లలా ఉండేది. నా స్లైడ్ల మీద ఉన్నది ఊదారంగు మరకలు. చూడముచ్చటగా ఉండాలంటే చదవడం వచ్చి ఉండాలి.

కొత్త సంవత్సరానికి కంపెనీ కేలెండర్ వేసింది. ఒక నెల పేజీ నిండా అతను తీసిన ఫొటో, కింద అతని పేరు. నా పేరు ఇన్నేళ్ళలో గేటు దగ్గర హాజరు పట్టీలో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. మా ఆయన ఆ సంగతేమీ తెలియకుండా కేలెండర్‌ని వంటింట్లో తగిలించారు, గ్యాస్ ఎప్పుడు మార్చామో గుర్తు పెట్టుకోవడానికి. ఆ నెల రాగానే నేను పేజీ తిప్పి తర్వాతి నెల పెట్టేశాను. ఆయన తేదీలు కలవక తిప్పలు పడి, చివరికి విషయం అడిగి తెలుసుకుని, "అంత బాధైతే ఆ మెషీన్ నువ్వే తీసుకోవాల్సింది" అన్నారు. రైల్వేలో సిగ్నల్స్ చూసిన మనిషి, తిన్నగా మాట్లాడతారు. ఆ పూట చారులో ఉప్పు వేయలేదు.

అతనితో మాట మారిపోయింది. తమ్ముడూ అనడం మానేసి సార్ అనడం మొదలుపెట్టాను. మీరు, రండి, చెప్పండి అనేదాన్ని. అతను ముందు వేళాకోళం అనుకున్నాడు, తర్వాత అర్థమై ఊరుకున్నాడు. ఉప్పల్‌లో నేను ముందొస్తే ఆటో ఎక్కి వెళ్ళిపోయేదాన్ని. అతను ముందొచ్చిన రోజుల్లో మాత్రం నాకు సీటు పట్టే ఉంచేవాడు. ఆ సీట్లో కూర్చుని, ఇతను కావాలనే మంచితనం చూపిస్తున్నాడని కూడా కుళ్ళుకున్నాను. కొత్త ఫ్లైఓవర్ కోసం వేసిన పిల్లర్ల మధ్య ట్రాఫిక్‌లో ఆటో ఎంతసేపు ఆగినా ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్ళం.

నన్ను చిన్నబుచ్చడానికి మెషీన్‌కి అంతకంటే పెద్ద సందర్భం దొరికింది. ఒక టీకా కంపెనీ మాకు పెద్ద పని ఇస్తామంది, కానీ లెక్క ఒకే పద్ధతిలో ఉండాలంది. కన్నయితే కన్ను, మెషీనయితే మెషీను. పెద్ద మేడమ్ నన్ను పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఒకే ప్రయోగం నుంచి రెండు సెట్ల స్లైడ్లు చేద్దాం, ఒకటి మీరు చదవండి, ఒకటి మెషీన్ చదువుతుంది, ఏది నమ్మదగిందో కంపెనీ వాళ్ళ ముందే తేలుద్దాం అన్నారు. మెషీన్ నెగ్గితే మైక్రోస్కోపు బల్ల తీసేస్తారు, నేను మీడియా రూమ్‌కి వెళ్ళాలి. మీడియా రూమ్ అంటే బాక్టీరియాకి వంట చేసే గది. పెద్ద పెద్ద ఫ్లాస్కుల్లో అగర్ ఉడికించడం, గాజుసామాను మరిగించడం, ఆవిరి, చెమట. అది తక్కువ పనేమీ కాదు. కానీ అక్కడికి ఎవరూ స్లైడు పట్టుకుని రారు. నా సర్వీసు ఇంకా కొన్నాళ్ళే ఉంది. ఆ కొన్నాళ్ళూ నా కుర్చీలో నేను కూర్చుని వెళ్ళిపోవాలని ఉండేది, ఇంకేమీ అడగలేదు.

పద్ధతి ప్రకారం అతని స్లైడ్లకి టేపు వేసేది నేనే. టేపులు వేస్తూ, ఒక్కోదాన్ని మైక్రోస్కోపు కింద ఓసారి చూసుకుంటూ, ఒక స్లైడు దగ్గర ఆగాను. అందులో బాక్టీరియా విడివిడిగా లేదు, ద్రాక్షగుత్తుల్లా అతుక్కుని ఉంది. గుత్తి అంటే మెషీన్‌కి గండం. పది కలిసి వెలిగితే ఒకసారి రెండంటుంది, ఒకసారి ఐదంటుంది, అతనే ఒకసారి ఆటోలో చెప్పుకుని బాధపడ్డాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. మొదటి పెట్టెలో ఆ స్లైడుకి ఒక అక్షరం ఇచ్చాను. అతను ఆ పెట్టె చదివి తిరిగిచ్చాక, అదే స్లైడు తీసి, ఉన్న టేపు మీద ఇంకో టేపు అంటించి, వేరే అక్షరం రాసి, రెండో పెట్టెలో పెట్టాను. ఒకే స్లైడుకి మెషీన్ రెండు లెక్కలు చెప్పాలి. కంపెనీ వాళ్ళ ముందు టేపు కింద టేపు బయటపడాలి. నల్ల కర్టెన్ల గది పరువు అక్కడికక్కడే పోవాలి.

ఇందులో తప్పేముంది అని మీరు అడగొచ్చు. తప్పేమీ లేదు, మంచి పరీక్షే. మంచి మనసుతో చేయలేదు, అంతే. ఆ వారమంతా నాకు కడుపులో చల్లగా ఉండేది. నా సెట్టు నేను ఎంత శ్రద్ధగా చదివానంటే, కళ్ళకి చుక్కల మందు వేసుకుని, ఫోన్ ఇంట్లో వదిలి, బల్ల దగ్గర ఎవర్నీ మాట్లాడనివ్వకుండా చదివాను. ఏ స్లైడు దగ్గరా తడబడలేదు. కౌంటర్ పక్కన పెట్టినప్పుడు, ఉద్యోగంలో చేరాక ఇంత బాగా ఎప్పుడూ చదవలేదని అనిపించింది. ఇంటికి పోతూ ఉప్పల్‌లో దిగి మల్లెపూలు కొనుక్కున్నాను.

ఆ రోజు మీటింగ్ రూమ్‌లో మేం నలుగురం. పెద్ద మేడమ్, కంపెనీ నుంచి వచ్చిన ఒక కుర్ర సైంటిస్టు, అతను, నేను. మేం చెప్పిన లెక్కలు ముందే బోర్డు మీద రాసి ఉన్నాయి, అక్షరం పక్కన అంకె. ముందు అతని పెట్టెలు తెరిచారు. అతను ఒక్కో స్లైడు టేపు ఊడదీసి కింద ఉన్న పేరు చదువుతున్నాడు. నేను పెట్టిన స్లైడు వచ్చేసరికి అతని గోరు కింద టేపు లేచింది, దాని కింద ఇంకో టేపు కనపడింది. ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. చిత్రంగా, నవ్వు ఆపుకుంటున్నట్టు చూశాడు.

కుర్ర సైంటిస్టు ముందుకు వంగి, ఒకే స్లైడు రెండుసార్లు పెట్టారా, ఎవరు పెట్టారు అని అడిగాడు. నేనే అన్నాను, వినయంగా. కుర్రాడు బోర్డు వైపు చూశాడు, అందరం చూశాం. రెండు అక్షరాల పక్కన ఉన్న అంకెలు అన్నదమ్ముల్లా ఉన్నాయి. కాస్త తేడా ఉంది, తేడా అనడానికి లేదు. గుత్తుల్ని మెషీన్ రెండుసార్లూ ఒకేలా చదివింది. కుర్రాడు తల ఊపి చాలా మంచి పని చేశారు మేడమ్ అన్నాడు. పెద్ద మేడమ్ నా వైపు గర్వంగా చూశారు. జీవితంలో నాకు దక్కిన మెచ్చుకోళ్ళలో అంత చేదుగా ఉన్నది ఇంకొకటి లేదు.

తర్వాత నా పెట్టెలు. నేను చకచకా ఊడదీసుకుంటూ పోయాను. మొదటి పెట్టెలో 'గ' ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. స్లైడు ఎక్కడో పడిపోయిందనుకుని బల్ల కింద చూశాను. అతను మెల్లగా, "రెండో డబ్బాల సూడక్కా" అన్నాడు. రెండో పెట్టెలో 'మ' తీసి టేపు ఊడదీశాను. కింద 'గ' ఉంది, అతని గుండ్రటి చేతిరాతలో.

అప్పుడర్థమైంది అతను ఎందుకు నవ్వు ఆపుకున్నాడో. నేను అతనికి పెట్టిన పరీక్షే అతను నాకు పెట్టాడు. ఇద్దరం ఒకరికి ఒకరం చెప్పుకోకుండా, అదే వారంలో, అదే పని చేశాం. నవ్వాలనే అనిపించింది. కానీ అప్పటికే అందరి కళ్ళూ బోర్డు మీద ఉన్నాయి. 'గ' పక్కన నేను చెప్పిన అంకె చిన్నది. 'మ' పక్కన నేను చెప్పిన అంకె దానికి రెట్టింపు దాటి ఉంది. 'గ' ప్రకారం టీకా అద్భుతంగా పనిచేసింది. 'మ' ప్రకారం అసలు పనే చేయలేదు. అది ఒకే గాజుపలక, చదివింది ఒకే కన్ను.

నేను ఊరుకోలేదు. అసలు మెషీన్ లెక్కే తప్పు అన్నాను. ఆ గుత్తుల్ని అది సగం కూడా లెక్కపెట్టలేదు, టేపు వేసేటప్పుడు నా కళ్ళతో చూశాను అన్నాను. గొంతు కాస్త పెరిగిందనుకుంటాను. పెద్ద మేడమ్ నా చేతి మీద చెయ్యి వేసి చెప్పారు. "మీరన్నది నిజమే, అది తప్పే చదివింది. కానీ రెండుసార్లూ ఒకే తప్పు చదివింది. ఎంత తప్పుతుందో తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. మీ లెక్క ఎప్పుడు ఎటు పోతుందో నేనెలా పట్టుకోను?" ఆవిడ గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికైనా పనికొచ్చేది.

అక్కడితో అయిపోయింది. మెషీన్‌ని ఖాయం చేశారు. దాంతోపాటు కుర్ర సైంటిస్టు ఇంకో మాట అన్నాడు, ఇక మీదట ప్రతి సెట్టులోనూ ఇలా ఒక స్లైడుని చెప్పకుండా రెండుసార్లు పెట్టాలని. పెద్ద మేడమ్ వెంటనే ఒప్పుకుని దాన్ని నియమంగా చేర్చారు. మీరు ఇవాళ లాబ్‌లో పాటిస్తున్న నియమం అదే. ట్రైనింగ్‌లో దాన్ని ముందుచూపు అని, నాణ్యత అని చెప్తారట, ఒక అమ్మాయి చెప్పింది. విని ఊరుకున్నాను. ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు కడుపుమంటతో చేసిన పని అని చెప్తే ఎవరు రాసుకుంటారు?

మీటింగ్ అయ్యాక గేటు బయటికి వచ్చాను. రోడ్డుకి అవతల టీ బండి ఉండేది, వెనకాల లారీలు ఆపుకునే స్థలం. అతను అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. తప్పించుకుపోదామనుకున్నాను, కానీ ఒక ప్రశ్న తేలకుండా ఉండిపోయింది. నేను పెట్టిన పరీక్షలో మెషీన్ నెగ్గింది. అతను పెట్టిన పరీక్షలో నేను ఓడతానని అతనికి ఎలా తెలుసు? వెళ్ళి పక్కన నిలబడ్డాను. అడక్కుండానే నాకూ ఒక టీ చెప్పాడు.

"ఆ స్లైడే ఎందుకు పెట్టావు?" అని అడిగాను. చాలా రోజుల తర్వాత మీరు పోయి నువ్వు వచ్చింది.

"స్లైడ్‌ది ఏం లేదక్కా. దేని ఎన్క పెట్టినమన్నదే ముచ్చట" అన్నాడు. నాకు అర్థం కాలేదు. గ్లాసు బండి మీద పెట్టి, చేతులతో చూపిస్తూ చెప్పాడు. బాక్టీరియా కిక్కిరిసి ఉన్న స్లైడు చదివిన వెంటనే మామూలు స్లైడు చదివితే నాకు అది ఖాళీగా కనపడుతుందట, తక్కువ నొక్కుతానట. దాదాపు ఏమీ లేని స్లైడు చదివిన వెంటనే అదే స్లైడు ఇస్తే నిండుగా కనపడుతుందట, మరకల్ని కూడా నొక్కేస్తానట. లడ్డూ తిని టీ తాగితే చప్పగా ఉన్నట్టు. అందుకని మొదటి పెట్టెలో దాన్ని కిక్కిరిసిన స్లైడు తర్వాత పెట్టాడు, రెండో పెట్టెలో ఖాళీ స్లైడు తర్వాత పెట్టాడు. మిగతాదంతా నేనే చేశాను.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"ఎప్పటి సందో ఎరుకే. పక్కనే కూసుంటి గద. నీ కౌంటర్ సప్పుడు ఇనుకుంట కూసుంటుంటి. నిండుగున్నదాని ఎన్క నీ సప్పుడు తగ్గుతుండె."

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. చెప్పి ఉంటే సరిచేసుకునేదాన్ని కదా అన్నాను.

"సరిజేసుకుందువు, గందుకే జెప్పలే" అన్నాడు. తర్వాత మెల్లగా, దాచుకోకుండా చెప్పాడు. "అందరు స్లైడ్లు వట్టుకొని నన్ను దాటుకుంట నీ దగ్గరికి పోతుండె. ఒక్కలన్న నా దగ్గర ఆగకపోయిరి. నేను గూడ నీకే తెచ్చిస్తి. ఇంటికి వోతే అన్నం సయించకపోతుండె అక్కా. మస్తు కుళ్ళుకున్న నిన్ను జూసి. నీకు తెల్వని నీ ముచ్చట నాకొక్కనికి తెలుసు, గదొక్కటే నాకు ధైర్యం ఉండె."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం రాస్తే మీరు నమ్మరు. మీడియా రూమ్, బోర్డు మీద అంకెలు, పెద్ద మేడమ్ చెయ్యి, అన్నీ ఒక్కసారిగా పక్కకి పోయాయి. నా పక్కన నవ్వుతూ, జామకాయలు పంచుతూ, ఆటోలో సీటు పట్టి కూర్చున్న ఆ నెమ్మదస్తుడు ఇన్నేళ్ళూ లోపల ఉడికిపోయాడు. నన్ను చూసి. ఏసీ గదీ లేదు, కేలెండరూ లేదు, కాలు పొట్టి కుర్చీలో కూర్చున్న నన్ను చూసి. నా మెడ నిటారుగా నిలబడింది. టీ అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు. ఇంకొంచెం వినాలనిపించింది. అందుకే అడిగాను, అడగకుండా ఉండాల్సింది.

"ఇప్పటికీ అంతే కుళ్ళుకుంటున్నావా?"

అతను నా మొహం చూశాడు. అబద్ధం చెప్పి నన్ను సంతోషపెట్టొచ్చు, ఆ తెలివి అతనికి ఉంది. కానీ ఆ రోజు అతను చాలా తేలిగ్గా ఉన్నాడు, ఆ తేలికలో నిజం వచ్చేసింది.

"లేదక్కా. పొద్దుగాల గా టేప్ ఊడంగనే పోయింది. లోపల ఎంత ఎతికినా లేదు. పానం నిమ్మలమైంది."

అలా అని, నా గ్లాసు కూడా తీసుకుని బండివాడికి ఇచ్చి, పని ఉందక్కా అని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. గేటు లోపల పిల్లలు ఎవరో అతని కోసం చూస్తున్నారు. నేను లారీల పక్కన నిలబడ్డాను. కుర్చీ పోయిందని మీటింగ్ రూమ్‌లో చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి నాకంటూ ఒకడు ఉండేవాడని తెలిసి, అతను ఇక లేడని అదే నిమిషంలో తెలిసినప్పుడు వచ్చింది.